అయస్కాంతం కడితే బీపీ దిగుతుందా?

కళింగపట్నం బీచ్‌లో ఇసుక మీద ఓ అయస్కాంతం ముక్కను అటూ ఇటూ తిప్పి చూడండి. రెండు నిమిషాల్లో దానికి నల్లటి మీసాలు మొలుస్తాయి. భీమిలి నుంచి భావనపాడు దాకా తీరంలో అక్కడక్కడా ఇసుక నల్లని చారలు చారలుగా ఉంటుంది. ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్ లాంటి బరువైన ఖనిజాల రేణువులవి. వాటితో పాటే కొద్దిగా మాగ్నటైట్ కూడా ఉంటుంది. అయస్కాంతానికి ఠక్కున అంటుకునేది ఈ మాగ్నటైటే. పిల్లలకు అదో సరదా.

ఆ సరదాయే సంతలోకి వచ్చేసరికి వ్యాపారమైపోతుంది. రాగి కడియానికి రెండు చివర్లా రెండు అయస్కాంతం బిళ్లలు. ముందు ఓ పళ్లెంలో ఇనుప రజను. కడియం దగ్గరికి తేగానే రజను ఎగిరి అంటుకుంటుంది. చూసేవాళ్ల కళ్లు పెద్దవవుతాయి.

''సూసినావా అమ్మా, ఇనుమునెలా లాగీసిందో! నీ రక్తంలోనూ ఇనుమే కదా. అలాగే లాగి పరిగెట్టిస్తాది. బీపీ దిగిపోద్ది.''

''మరి రోజూ ఏసుకునే మాత్రలేటి సెయ్యాల బావూ?''

''ఇంకేటి మాత్రలు? మానీ!''

ఇలాంటి కడియాలే కాదు... అయస్కాంతాల పరుపులు, దిండ్లు, నడుం పట్టీలు, నీళ్ల బాటిళ్లు కూడా ఊళ్లలోకి వచ్చాయి. కొన్నింటి ధర ఓ పాడిగేదె ఖరీదంత. అమ్మేవాళ్లను గట్టిగా అడిగితే ''జపాన్‌లో కుందేళ్ల మీద, ఎలుకల మీద ప్రయోగాలు చేసి నిరూపించారు'' అంటారు. తమాషా ఏమిటంటే, ఆ ప్రయోగాలు నిజంగానే జరిగాయి. ఫలితాలు కూడా వచ్చాయి. అయితే ఆ ఫలితాలను పూర్తిగా చదివినవాళ్లెవరూ ''మాత్రలు మానీ'' అనరు. ఎందుకో తెలియాలంటే ముందు ఆ ఇనుము సంగతి తేల్చుకోవాలి.

రక్తంలో ఇనుము ఉన్నమాట నిజం. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములుంటుంది, చిన్న మేకంత. అందులో ఎక్కువ భాగం ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌లోనే. కానీ అది ఇనుప రజనులా ముద్దగా ఉండదు. ఒక్కో పరమాణువూ ఓ పెద్ద ప్రొటీన్ మధ్యలో విడివిడిగా ఇరుక్కుని ఉంటుంది. అయస్కాంతం లాగాలంటే లక్షలాది పరమాణువులు ఒకే దిక్కుకు తిరిగి కట్టుగా నిలబడాలి. విడివిడిగా ఉంటే ఆ కట్టు కుదరదు. విజయనగరం జిల్లా గరివిడి ప్రాంతం మాంగనీసుకు పేరు. మూలకాల పట్టికలో ఇనుముకు పక్కింటిదే మాంగనీసు. అయినా శుద్ధి చేసిన మాంగనీసు ముక్కకు మామూలు అయస్కాంతం అంటుకోదు. లోహమైతే చాలదు, పరమాణువుల అమరిక కుదరాలి.

ఈ అనుమానం మైకేల్ ఫారడేకీ వచ్చింది. 1845లో ఆయన ఎండిన రక్తాన్ని అయస్కాంతం దగ్గర పెట్టి చూశాడు. అది ఆకర్షించలేదు. 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కొరియెల్ దాన్ని ఇంకా లోతుగా పరీక్షించారు. ప్రాణవాయువు ఎక్కించుకున్న హిమోగ్లోబిన్‌ను అయస్కాంతం లాగదు సరికదా, కాస్త దూరంగా నెడుతుందని తేల్చారు. ప్రాణవాయువు దించేసిన హిమోగ్లోబిన్ మాత్రం అతి కొద్దిగా ఆకర్షణకు లోనవుతుంది. కానీ రక్తంలో నీళ్లే ఎక్కువ. నీళ్లను అయస్కాంతం నెడుతుంది. మొత్తమ్మీద నెట్టడమే గెలుస్తుంది. 1997లో నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో ఆండ్రీ గైమ్ బృందం బతికున్న ఓ చిన్న కప్పను బలమైన అయస్కాంతం లోపల గాల్లో తేలేలా చేసింది ఈ నెట్టుడుతోనే. కప్పకేమీ కాలేదు. గైమ్‌కు ఆ తరవాత వేరే పరిశోధనకు నోబెల్ కూడా వచ్చింది, 2010లో.

అంటే, కడియం రక్తాన్ని లాగి పరుగెత్తించడం అబద్ధం. కప్పను తేల్చడానికి 16 టెస్లాలు కావాల్సి వచ్చింది.

టెస్లా అంటే అయస్కాంత బలానికి కొలత. అందులో వెయ్యో వంతు మిల్లీటెస్లా. భూమి కూడా ఓ అయస్కాంతమే కదా, దాని బలం మన తీరంలో మిల్లీటెస్లాలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఫ్రిజ్ తలుపుకి బొమ్మలు అంటించే బిళ్లలది కొన్ని మిల్లీటెస్లాలు. ఆసుపత్రి ఎమ్మారై యంత్రాలు ఎక్కువగా ఒకటిన్నర, మూడు టెస్లాలవి. కడియం బిళ్లది ముట్టుకున్నచోట పదుల మిల్లీటెస్లాలు ఉండొచ్చు. అయితే దూరం పెరిగేకొద్దీ ఆ బలం ఎంత గబగబా పడిపోతుందో ఇంట్లోనే చూడొచ్చు. ఓ గుండుసూదిని అయస్కాంతానికి అంటించి, మధ్యలో పిల్లల నోట్‌బుక్ పేజీలు ఒక్కోటీ పెంచుతూ పోండి. అట్టే పెరక్కుండానే సూది జారిపోతుంది. చేతి చర్మం కింద, కండ దాటి, లోపలి ధమని దాకా ఆ బిళ్ల బలం ఎంత చేరుతుందో దాన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక జంతువుల సంగతి.

అసలు రక్తపోటును మొట్టమొదట కొలిచిందే ఓ జంతువులో. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అనే మతబోధకుడు ఓ ఆడగుర్రం తొడ ధమనిలోకి ఇత్తడి గొట్టం దూర్చి, దానికి పొడవాటి గాజుగొట్టం తగిలించాడు. రక్తం ఎనిమిది అడుగులకు పైగా ఎగబాకింది. 1733లో దాన్ని పుస్తకంగా అచ్చేశాడు. మనుషుల కోసం చేతికి పట్టీ చుట్టి కొలిచే పద్ధతి రావడానికి ఆ తరవాత నూటయాభై ఏళ్లకు పైనే పట్టింది. రక్తపోటు గురించి ఇవాళ తెలిసినదాంట్లో చాలా భాగం గుర్రాలు, కుక్కలు, కుందేళ్లు, ఎలుకలు చెప్పిందే.

అయస్కాంతం కథలో ముందు వరసలో ఉన్నవి కుందేళ్లు. టోక్యోలోని జాతీయ ప్రజారోగ్య సంస్థలో హిడెయుకి ఒకానో, చియోజి ఓకుబో అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ప్రచురించిన ప్రయోగం ఇది. కుందేలు చెవిని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే మధ్యలో ధమని ఎర్రగీతలా కనిపిస్తుంది. మత్తు ఇవ్వకుండా, మెలకువగా ఉన్న కుందేలు చెవి దగ్గర అరగంట పాటు అయస్కాంతం ఉంచి ఆ ధమనిని గమనించారు. బలం ఒకే ఒక్క మిల్లీటెస్లా. ఎప్పుడూ మారని, కదలని క్షేత్రం. దీన్నే స్థిర అయస్కాంత క్షేత్రం అంటారు. కరెంటు తీగల చుట్టూ ఉండే, క్షణక్షణం మారే క్షేత్రం వేరు. 34 కుందేళ్ల మీద 180 సార్లు ఈ పరీక్ష చేశారు.

ఇందులోనే అసలు మెలిక ఉంది. కొన్ని కుందేళ్లకు బీపీ పెంచే మందు ఇచ్చారు. పక్కన అయస్కాంతం ఉన్నప్పుడు ఆ పెరుగుదల తగ్గింది. ఇక్కడి వరకూ సంతలో వ్యాపారి చెప్పినట్టే ఉంది కదా! కానీ మరికొన్నింటికి బీపీ తగ్గించే మందు ఇచ్చారు. అయస్కాంతం ఉన్నప్పుడు ఆ తగ్గుదల కూడా తగ్గింది. అంటే పెరిగేదాన్ని కాస్త కిందికి, దిగేదాన్ని కాస్త పైకి... రెండు వైపుల నుంచీ మధ్యకు లాగింది.

ఆ బీపీ తగ్గించే మందు పేరు నికార్డిపిన్. రక్తనాళాల గోడల్లోకి కాల్షియం వెళ్లకుండా అడ్డుపడి వాటిని సడలించే మందు. శ్రీకాకుళంలో ఏ మందుల షాపుకెళ్లినా బీపీకి ఎక్కువగా ఇచ్చే ఆమ్లోడిపిన్ కూడా ఆ కుటుంబంలోదే. అంటే ''కుందేళ్లలో నిరూపించారు'' అని చెప్పి అమ్మే వస్తువు, అదే కుందేళ్లలో అలాంటి మాత్రకే కొంత అడ్డుపడింది. కుందేలు చెవిలో కనిపించింది మనిషి ఒంట్లోనూ జరుగుతుందని ఎవరూ చెప్పలేరు. కానీ ఆ ప్రయోగాన్ని సాక్ష్యానికి పిలిచినప్పుడు, అది చెప్పే రెండో సగం కూడా వినాలి కదా.

రెండేళ్ల తరవాత, 2003లో, అదే పరిశోధకులు ఎలుకల మీద ప్రయోగాన్ని ప్రచురించారు. ఇవి మామూలు ఎలుకలు కావు. 1963లో క్యోటోలో ఒకామోటో, ఆవోకీ అనే శాస్త్రవేత్తలు ఎక్కువ బీపీ ఉన్న ఎలుకలనే ఏరి జతకడుతూ తయారుచేసిన సంతతి. వయసు పెరిగేకొద్దీ బీపీ దానంతటదే ఎక్కుతుంది. ఏడువారాల వయసున్న అలాంటి ఎలుకలను పన్నెండు వారాల పాటు అయస్కాంత క్షేత్రంలో ఉంచారు. ఓ గుంపుకి గరిష్ఠంగా 10 మిల్లీటెస్లాలు, ఇంకో గుంపుకి 25. మూడో గుంపుకి అన్నీ అలాగే ఉంటాయి గానీ అయస్కాంతం ఉండదు. మొదటి రెండు గుంపుల్లో కొన్ని వారాల పాటు బీపీ ఎక్కడం నెమ్మదించింది. రక్తంలో యాంజియోటెన్సిన్, ఆల్డోస్టిరాన్ అనే రెండు హార్మోన్లు కూడా తగ్గాయి.

ఈ రెండు పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే వీటి మూలం మూత్రపిండాల్లో ఉంది. 1898లో స్టాక్‌హోంలో టిగర్‌స్టెడ్, బెర్గ్‌మన్ కుందేలు మూత్రపిండాన్ని నూరి తీసిన రసాన్ని వేరే కుందేళ్లకు ఎక్కిస్తే వాటి బీపీ పెరిగింది. అందులోని పదార్థానికి రెనిన్ అని పేరు పెట్టారు. తమకు రక్తం సరిగ్గా అందడం లేదని అనిపించగానే మూత్రపిండాలు రెనిన్‌ను వదులుతాయి. దానివల్ల యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలను బిగిస్తుంది. ఆల్డోస్టిరాన్‌ను పురిగొల్పి ఉప్పునీ నీటినీ ఒంట్లోనే ఆపుతుంది. బీపీ పెరుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నప్పుడు చాలామందిలో ఈ వ్యవస్థ అదుపు తప్పుతుంది. పెరిగిన బీపీ తిరిగి మూత్రపిండాలనే దెబ్బతీస్తుంది. అవి దెబ్బతిన్నకొద్దీ బీపీ ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులా ఒకటే చుట్టు.

శ్రీకాకుళం జిల్లాలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు... కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండే ఉద్దానం దశాబ్దాలుగా కిడ్నీ జబ్బుతో పోరాడుతోంది. కారణం ఇదీ అని ఇంతవరకూ తేలలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. ఆ జబ్బు తొలిరోజుల్లో చాలామందికి కాళ్లవాపూ ఉండదు, నొప్పీ ఉండదు, బీపీ కూడా మామూలుగానే ఉండొచ్చు. బయటపడేసరికి సగం పైగా పని చెడిపోయి ఉంటుంది. ఆ దశలో మిగిలిన మూత్రపిండాన్ని కాపాడుకోవడానికి ఉన్న కొద్దిపాటి మార్గాల్లో ముఖ్యమైనది బీపీని అదుపులో పెట్టడం. అలాంటి మనిషి కడియం కొనుక్కుని, నాలుగు నెలలు మాత్ర మానేస్తే?

నొప్పి లేదు కాబట్టి బాగానే ఉందనుకుంటాడు. బీపీ ఎక్కినా తెలియదు. డయాలసిస్ దాకా వెళ్లడానికి పట్టాల్సిన ఏళ్లు తరిగిపోతాయి. అమ్మినవాడు ఆపాటికి వేరే సంతలో ఉంటాడు.

యాంజియోటెన్సిన్‌ను అడ్డుకోవడానికి మందుల్లేక కాదు. బ్రెజిల్‌లోని ఓ రక్తపింజరి జాతి పాము విషంలో దాని తయారీని ఆపే పదార్థం దొరికింది. ఆ దారినే వెళ్లి తయారుచేసిన కాప్టోప్రిల్ అనే మందుకు 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఎనలాప్రిల్, రామిప్రిల్ దాని తమ్ముళ్లు. లోసార్టాన్, టెల్మిసార్టాన్ ఇంకో దారిలో అదే పని చేస్తాయి. పాము విషం నుంచి మాత్ర దాకా వచ్చేలోపు జంతువుల్లో, ఆ తరవాత వేలమంది మనుషుల్లో ఎంత మోతాదు, ఎవరికి, ఎవరికి కూడదు అనేవన్నీ తేల్చారు. గర్భిణులకు ఇవి ఇవ్వకూడదనీ, వాడేవాళ్లకు పొటాషియం చూస్తుండాలనీ అలా తెలిసిందే. అయస్కాంతం ఆ దారిలో కుందేళ్లు, ఎలుకలు దాటి పెద్దగా ముందుకు రాలేదు.

రాకపోవడానికి కారణాలున్నాయి. మందు మోతాదు పెంచితే సాధారణంగా ప్రభావం పెరుగుతుంది. అయస్కాంతంలో అలా కనిపించడం లేదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో మోరిస్, స్కాలక్ ఎలుకల పాదాలకు వాపు తెప్పించి అయస్కాంతాలతో పరీక్షించారు. 10, 70 మిల్లీటెస్లాల దగ్గర వాపు 20 నుంచి 50 శాతం దాకా తగ్గింది. 400కి పెంచితే ఏ ఫలితమూ లేదు! 2008లో అచ్చయిన ఈ ప్రయోగంలో అయస్కాంతం ఎప్పుడు పెట్టారన్నది కూడా ముఖ్యమే అయింది. బలం, సమయం, చోటు మారితే ఫలితం మారిపోతుందన్నమాట. మరి ''హై పవర్'' అని రాసి ఎక్కువ ధరకు అమ్మే కడియం ఏ లెక్కన ఎక్కువ మంచిది?

పైగా జంతువుల బీపీ కొలవడం అనుకున్నంత తేలిక కాదు. ఎలుకలకు తరచూ తోకకు చిన్న పట్టీ చుట్టి కొలుస్తారు. దానికోసం గొట్టంలో ఇరికిస్తే కంగారుతోనే బీపీ పెరుగుతుంది, తెల్లకోటు చూడగానే మనకు పెరిగినట్టు. ఇలాంటి తేడాల మధ్య చిన్న ప్రభావాన్ని పట్టుకోవడం కష్టం. అందుకే ఒక ప్రయోగశాలలో వచ్చిన ఫలితం, సంబంధం లేని ఇంకో నాలుగు చోట్ల కూడా రావాలి. ఈ రంగంలో మంచి ఫలితాలు చాలావరకూ కొద్దిమంది పరిశోధకుల దగ్గర నుంచే వచ్చాయి.

మనుషుల దగ్గరికొస్తే ఇంకో చిక్కు. ఉత్తుత్తి మాత్రను అసలు మాత్రలాగే తయారుచేయొచ్చు. ఉత్తుత్తి అయస్కాంతం ఇస్తే? బీరువా తాళంచెవి అంటుకోకపోతే విషయం అదే రోజు తెలిసిపోతుంది. అయినా తంటాలుపడి పరీక్షలు చేశారు. ఒంటినొప్పులకు అయస్కాంతాలు పనిచేస్తాయా అని అలాంటి పరీక్షలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2007లో కెనడా వైద్యుల పత్రికలో వచ్చింది. నొప్పి తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. బీపీ సంగతి అక్కడిదాకా కూడా రాలేదు.

హాని సంగతి? చాలామందికి కడియం వల్ల నేరుగా వచ్చే హాని ఏమీ లేదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లది మాత్రం వేరు. దగ్గరగా వచ్చిన అయస్కాంతం దాని పనితీరును మార్చేయగలదు. అలాంటివాళ్లు అయస్కాంతాల బనియన్లు, పరుపుల జోలికి వెళ్లకూడదు.

స్థిర అయస్కాంతాన్ని ఏళ్ల తరబడి ఒంట్లోనే మోసే జంతువు కూడా ఒకటుంది. అది మన పాడిపశువే. మేత మేస్తూ మేకులు, తీగముక్కలు మింగేస్తుంటుంది. అవి పొట్టలో రెండో అరలో చేరి, గోడను చీల్చుకుని పక్కనే ఉన్న గుండె దాకా గుచ్చుకుంటే బతకడం కష్టం. చాలా దేశాల్లో పశువైద్యులు ముందుజాగ్రత్తగా వేలెడంత నున్నటి అయస్కాంతాన్ని ఆవు చేత మింగిస్తారు. అది ఆ అరలోనే ఉండిపోయి, వచ్చిన మేకులన్నిటినీ తనకే అంటించుకుంటుంది. దూడలు వేస్తూ, పాలిస్తూ ఆవు దాంతోనే జీవితమంతా గడిపేస్తుంది. అయస్కాంతం నిస్సందేహంగా పనిచేసే చోటు అది. లాగడానికి అక్కడ నిజంగా ఇనుముంది మరి.

మనుషులను కూడా ఓసారి చాలా బలమైన స్థిర క్షేత్రంలో ఉంచి బీపీ కొలిచారు. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 25 మంది ఆరోగ్యవంతులను 8 టెస్లాల యంత్రంలో పడుకోబెట్టారు. కుందేలు చెవి దగ్గర పెట్టినదానికి అది ఎనిమిది వేల రెట్లు. 2003లో ఫలితాలు వచ్చాయి. పైన ఉండే బీపీ అంకె సగటున 3.6 పాయింట్లు మారింది. తగ్గలేదు, పెరిగింది. ఆందోళన పడాల్సినంత పెరుగుదలేం కాదు. పట్టీ చుట్టి కొలుస్తున్నప్పుడు పక్కవాళ్లతో కబుర్లు చెబితే అంతకన్నా ఎక్కువే ఎక్కుతుంది.